డోసు పెంచాక టీఎస్‌హెచ్ పరీక్ష ఎప్పుడు? ఆ పొద్దున్న మాత్ర వేసుకోవాలా, వద్దా?

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్ళు, బరువు 64 కిలోలు. హైపోథైరాయిడ్ (థైరాయిడ్ హార్మోను తక్కువ) ఉందని రెండేళ్ళ క్రితం తేలింది, యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద పనిచేసే యాంటీబాడీల పరీక్ష) కూడా పాజిటివ్. అప్పటి నుంచి రోజూ 50 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ మాత్ర. ఈమధ్య పరీక్షలో, థైరాయిడ్ హార్మోను తక్కువైతే పెరిగే టీఎస్‌హెచ్ 11.2 రావడంతో డాక్టర్ గారు 75కి పెంచి, రెండు నెలలాగి రక్త పరీక్ష చేయించుకుని రమ్మన్నారు.

ఈలోగా మా ఆఫీసులో హెల్త్ క్యాంపు పెట్టారు. కొత్త డోసు మొదలుపెట్టి మూడు వారాలే అయింది. ప్యాకేజీలో థైరాయిడ్ కూడా ఉంది కదా అని శాంపిల్ ఇచ్చాను. టీఎస్‌హెచ్ 7.8 వచ్చింది, పక్కన లావు అక్షరాలతో ‘హై’ అని ఉంది. అది చూసి మా ఆయన, "ఇంకా దిగలేదు, 100 మొదలుపెట్టేయ్, మళ్ళీ డాక్టర్ దాకా ఎందుకు" అంటున్నారు. మా ఆడపడుచు తను కూడా అలాగే పెంచుకున్నానని చెబుతోంది. నాకేమో జుట్టు ఊడుతోంది, మధ్యాహ్నం అయ్యేసరికి ఒళ్ళు తేలిపోతోంది. పెంచేస్తే ఈ బాధ తీరుతుందేమోనని ఒక ఆశ, ఏమైనా అవుతుందేమోనని ఒక టెన్షన్.

ఇంకొకటి. క్యాంపులో రక్తం తీసే అబ్బాయి మాత్ర వేసుకున్నా ఫర్వాలేదన్నాడు. మా అక్క మాత్రం వేసుకుని వెళ్తే రిపోర్టే తప్పంటోంది. ఎవరిది నిజం?

మందులషాపు (మద్దిలపాలెం)

అమ్మా, ముందు ఒక మాట. 100 కొనకండి. మా షాపుకి వారానికి ఇద్దరు ముగ్గురు ఇదే రిపోర్టు పట్టుకుని వస్తారు, "ఇంకా ఎక్కువే చూపిస్తోంది, పెద్ద పవర్ ఇవ్వండి" అంటూ. చీటీలో ఏముందో అదే ఇస్తాను. వివరం డాక్టర్లు చెబితే బాగుంటుంది.

కైలాసగిరి డాక్టర్

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. మిమ్మల్ని చూడలేదు కాబట్టి మీ డోసు నేను నిర్ణయించను. లెక్క మాత్రం చెబుతాను. అది తెలిస్తే ఆ 7.8 చూసి భయం వేయదు.

మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్ (టీ4 అనే థైరాయిడ్ హార్మోనే) ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళలో ఇంకా కాస్త ఎక్కువే, తొమ్మిది పది రోజులు. అందుకే ఇవాళ డోసు పెంచితే రేపటికి ఫలితం కనపడదు. మీరు అదనంగా వేసుకుంటున్న 25 మైక్రోగ్రాముల ప్రభావం మొదటి వారానికి సగం, రెండో వారానికి ముప్పాతిక, మూడో వారానికి దాదాపు 87 శాతం చేరుతుంది. ఇది ఏడు రోజుల లెక్క. మీలాంటి వాళ్ళలో ఇంకా నెమ్మది. రక్తంలో హార్మోను నిలకడకు రావడానికి అయిదారు వారాలు కావాలి. టీఎస్‌హెచ్ థైరాయిడ్ నుంచి రాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. చాలాకాలం హార్మోను తక్కువై అలవాటు పడిన ఆ గ్రంథి, టీ4 సరిపడా చేరాక కూడా దాన్ని వదలడం వెంటనే తగ్గించదు. డోసు మార్చిన 6 నుంచి 8 వారాలకు పరీక్ష అనేది ఇందుకే.

కాబట్టి మీ 7.8 తప్పు రిపోర్టు కాదు. దారి మధ్యలో ఉన్న అంకె. 11.2 నుంచి దిగుతోంది, ఇంకా దిగుతుంది. ఇప్పుడు 100 వేసుకుంటే 75 చేయాల్సిన పని పూర్తి కాకముందే దాని మీద ఇంకో 25 ఎక్కించినట్టు. రెండు నెలలకు టీఎస్‌హెచ్ మరీ పడిపోయి, గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవ్వచ్చు. అప్పుడు కంగారుపడి 50కి దించుతారు, మళ్ళీ పెరుగుతుంది. ఏడాదంతా ఇలా పైకీ కిందకీ ఊగుతూనే ఉన్నవాళ్ళని చాలామందిని చూశాను. చాలాసార్లు కారణం ఒక్కటే, పరీక్షకీ పరీక్షకీ మధ్య తగినంత గడువు ఇవ్వకపోవడం.

ఇంటర్నెట్‌లో కిలోకి 1.6 మైక్రోగ్రాములు అనే లెక్క మీకు కనపడి ఉండొచ్చు. 64 కిలోలకు అది 102 అవుతుంది. కానీ అది గ్రంథి దాదాపు పూర్తిగా పనిచేయనివాళ్ళకి, ఆపరేషన్ చేసి తీసేసినవాళ్ళకి. మీ గ్రంథి కొంత పనిచేస్తూ ఉండవచ్చు. అప్పుడు అంతకంటే తక్కువే సరిపోతుంది.

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

డాక్టర్ గారూ, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు ధన్యవాదాలు. మా ఆయనకి కూడా చదివి వినిపించాను. 75 మీదే ఉంటాను. మరి పరీక్ష రోజు పొద్దున్న మాత్ర సంగతి?

గోపాలపట్నం ల్యాబ్

అక్కా, నేను ల్యాబ్ టెక్నీషియన్ని. మీ అక్క చెప్పిందాంట్లోనూ, ఆ అబ్బాయి చెప్పిందాంట్లోనూ కొంత కొంత నిజం ఉంది.

మాత్ర వేసుకున్నాక రెండు నుంచి నాలుగు గంటల వరకు రక్తంలో టీ4 పైకి లేస్తుంది, ఆ తర్వాత నెమ్మదిగా సర్దుకుంటుంది. ఆ సమయంలో శాంపిల్ ఇస్తే ఫ్రీ టీ4 (రక్తంలో దేనికీ అంటుకోకుండా ఉన్న టీ4) ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. టీఎస్‌హెచ్ మాత్రం ఆ ఒక్క మాత్రకి కదలదు. ఒట్టి టీఎస్‌హెచ్ ఒక్కటే అయితే వేసుకుని వచ్చినా పెద్ద తేడా ఉండదు. ఫ్రీ టీ4 కూడా రాశారంటే ముందు శాంపిల్ ఇచ్చి తర్వాత మాత్ర వేసుకోండి. రెండు పద్ధతులు గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి నేను అందరికీ ఒకటే చెబుతాను. మాత్ర పర్సులో పెట్టుకుని రండి, రక్తం ఇవ్వగానే నీళ్ళతో వేసుకోండి, అరగంటో గంటో ఆగి టిఫిన్ చేయండి. ఆ రోజు మాత్ర మానకూడదు, గంట వెనక్కి జరగడం అంతే.

టైమ్ కూడా ముఖ్యం. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత తగ్గుతుంది. ఒకసారి పొద్దున్న 7 గంటలకి, ఇంకోసారి మధ్యాహ్నం 3 గంటలకి ఇస్తే, మందు మారకపోయినా అంకె మారుతుంది. 4, 5 దగ్గర, అంటే హద్దు మీద ఊగిసలాడే వాళ్ళకి ఆ తేడాతోనే నార్మల్, హై అనే మాట మారిపోతుంది. మీ 11.2 ఏ టైములో తీశారో, 7.8 ఏ టైములో తీశారో రిపోర్టు పైన చూడండి. కలెక్షన్ టైమ్ అని ఉంటుంది. దాని కిందే రిపోర్ట్ టైమ్ ఉంటుంది, అది వేరు.

థైరాయిడ్ పరీక్షకి పరగడుపు అక్కర్లేదు. షుగర్, కొలెస్ట్రాల్ కూడా కలిపి చేస్తారు కాబట్టి ఏమీ తినకుండా రమ్మంటాం.

జుట్టు ఊడుతోందన్నారు కదా, అందుకు బయోటిన్ అనే విటమిన్ ఏమైనా వాడుతున్నారా?

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

అవును, రోజుకొక గమ్మీ. డబ్బా మీద 5 మిల్లీగ్రాములు అని ఉంది. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

రిపోర్టులు తీసి చూశాను. మొదటిది పొద్దున్న 7:20. క్యాంపుది మధ్యాహ్నం 2:45.

గోపాలపట్నం ల్యాబ్

సంబంధం ఉందక్కా. చాలా మెషీన్లలో ఈ హార్మోన్లను కొలిచే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు. రక్తంలో బయట నుంచి వచ్చిన బయోటిన్ ఎక్కువగా ఉంటే కొలత చెడుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4, ఇంకో థైరాయిడ్ హార్మోను టీ3 ఎక్కువగా కనిపిస్తాయి. థైరాయిడ్ తక్కువ ఉన్న మనిషి కాగితం మీద ఎక్కువ ఉన్న మనిషిలా కనిపిస్తుంది. అది నమ్మి డోసు తగ్గిస్తే ఇంకా నష్టం. అన్ని మెషీన్లలో ఇలా జరగదు కానీ, ఏ ల్యాబ్‌లో ఏ మెషీన్ ఉందో మీకెలా తెలుస్తుంది? పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు నుంచి ఆపేయండి. ఇంకా పెద్ద మోతాదు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి ఇంకా ముందే ఆపాలి. శాంపిల్ ఇచ్చేటప్పుడు ఆ సంగతి మాకు చెప్పండి. మల్టీవిటమిన్‌లో ఉండే కొద్దిపాటి దానితో సాధారణంగా ఇబ్బంది ఉండదు. జుట్టు, గోళ్ళ పేరుతో అమ్మేవాటితోనే బాధ.

మధ్యాహ్నం తీసిన శాంపిల్, బయోటిన్, మూడో వారం. ఆ 7.8ని పక్కన పెట్టేయడమే మంచిది.

ఉక్కునగరం ఏ‌బీసీ

మంచి చర్చ. నాదీ ఇదే మందు, 88. నేను స్టీల్ ప్లాంటులో షిఫ్టుల్లో పనిచేస్తాను. ‘ఏ’ షిఫ్టుకి (పొద్దుటి షిఫ్టు) తెల్లవారకముందే లేవాలి. సీ షిఫ్టు అయితే రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు. ఇంటికొచ్చి టిఫిన్ చేసి పడుకుంటాను. "పొద్దున్నే పరగడుపున" అంటారు. నాకు పొద్దున్న అంటే ఏ పూట లెక్క? సీ షిఫ్టు వారంలో మాత్ర వేసుకునే టైమ్ రోజుకో రకంగా పోతోంది. దీనివల్లే టీఎస్‌హెచ్ ఒకసారి 2, ఒకసారి 6 వస్తోందా?

కైలాసగిరి డాక్టర్

అన్నా, మీకు గడియారం కంటే కడుపు ముఖ్యం. మాత్రకి తెల్లవారుజాము అక్కర్లేదు, ఖాళీ కడుపు కావాలి. ఏ షిఫ్టు అయినా సరే, మీ పెద్ద నిద్ర నుంచి లేవగానే వేసుకోండి. పొద్దున్న 8కి పడుకుని మధ్యాహ్నం 2కి లేస్తే, 2 గంటలే మీకు పొద్దున్న. కడుపు ఆరు గంటలుగా ఖాళీగా ఉంది కాబట్టి మందు బాగా ఒంటబడుతుంది. గంట ఆగి భోజనం చేయండి. మందు ఒంట్లో వారం రోజుల లెక్కన ఉంటుంది కాబట్టి అయిదారు గంటలు అటూ ఇటూ జరిగితే ఏమీ కాదు. మానేసిన రోజులు, టిఫిన్‌తో కలిపి మింగిన రోజులు, ఇవే టీఎస్‌హెచ్‌ని ఊపుతాయి.

పరీక్షకి మాత్రం సీ షిఫ్టు వారం వద్దు. రాత్రి నిద్ర లేకపోతే టీఎస్‌హెచ్ లయ మారుతుంది. జనరల్ షిఫ్టులోనో, సెలవుల్లో నాలుగు రోజులు రాత్రిళ్ళు సరిగా పడుకున్నాకో, పొద్దున్నే ఇవ్వండి. ప్రతిసారీ అలాంటి వారమే చూసుకోండి.

గాజువాక క్రేన్

నేనూ షిఫ్టుల మనిషినే, రిటైరయ్యాను. నేను చేసింది చెబుతాను తమ్ముడూ. వారానికి సరిపడా ఏడు గళ్ళ ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది చూడండి, దాంట్లో ఆదివారం నాడు మాత్రలు సర్దేవాణ్ణి. సీ షిఫ్టు దిగాక వేసుకున్నానా లేదా అని బుర్ర గోక్కునే పని ఉండేది కాదు, గడి చూస్తే చాలు. నిద్ర చాలని వాళ్ళకి జ్ఞాపకం మీద ఆధారపడటం కష్టం.

మధురవాడ ఐటీ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు 31. రోజూ 75 వాడుతున్నాను, మూడు నెలల క్రితం టీఎస్‌హెచ్ 2.9. నిన్న ఇంట్లో చేసుకున్న ప్రెగ్నెన్సీ పరీక్ష పాజిటివ్ వచ్చింది. గైనకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ వచ్చే శుక్రవారం. అప్పటి దాకా ఇదే డోసు వేసుకోవచ్చా? అసలు ఈ మాత్ర వాడితే బిడ్డకి ఏమైనా అవుతుందా అని రాత్రి నిద్ర పట్టలేదు.

కైలాసగిరి డాక్టర్

అమ్మా, శుభాకాంక్షలు. దయచేసి శుక్రవారం దాకా ఆగకండి, ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. పైన అందరికీ ఆగండి ఆగండి అన్నాను. ఈ ఒక్క విషయంలో ఆగకూడదు.

మాత్ర బిడ్డకి హాని చేయదు. అది లేకపోతేనే హాని. మొదటి నెలల్లో బిడ్డ సొంత థైరాయిడ్ ఇంకా సరిగా పనిచేయదు, దాదాపు అయిదో నెల దాకా తల్లి హార్మోను మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మెదడు ఎదిగేది ఆ రోజుల్లోనే. అందుకే గర్భం తెలియగానే డోసు 25 నుంచి 30 శాతం పెంచడం మామూలు పద్ధతి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017 సూచనల్లో చెప్పిన సులువైన దారి, వారానికి ఏడు మాత్రలకు బదులు తొమ్మిది. అంటే వారంలో ఏవైనా రెండు రోజులు రెండేసి మాత్రలు. ఇది మీకు సరిపోతుందో లేదో మీ డాక్టర్ ఫోన్‌లోనే చెప్పేస్తారు. అడగండి.

పరీక్షల లెక్క కూడా ఇక్కడ వేరు. ఆరు వారాలు కాదు, సగం గర్భం వచ్చేదాకా నాలుగు వారాలకొకసారి, తర్వాత 30వ వారం దగ్గర ఒకసారి. టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉంచాలని చూస్తారు. గర్భంలో మొత్తం (టోటల్) టీ4 సహజంగానే పెరిగి కనిపిస్తుంది, దాన్ని చూసి డోసు ఎక్కువైందని ఎవరైనా అంటే నమ్మకండి. త్వరలో ఐరన్, కాల్షియం మాత్రలు రాస్తారు. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున్న ఇది, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకటి, రాత్రి ఒకటి, అలా పెట్టుకుంటే కలవవు. కాన్పు అయ్యాక సాధారణంగా పాత డోసుకే వచ్చి, ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష.

సీతమ్మధార టీచర్

మా అమ్మగారి సంగతి కూడా చెప్పండి డాక్టర్ గారూ. ఆవిడకి 76. గుండెకి స్టెంట్ పడింది. టీఎస్‌హెచ్ 5.9, ఫ్రీ టీ4 నార్మల్. రిపోర్టులో ‘హై’ చూసి మా తమ్ముడు ఇప్పుడే మాత్ర మొదలుపెట్టాలని పట్టుబడుతున్నాడు. అమ్మకి నీరసం ఉంది కానీ, ఆ వయసులో అది ఎవరికి ఉండదు?

కైలాసగిరి డాక్టర్

అమ్మగారికి ఆగడమే మంచిదేమో. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ కాస్త పైకి పోవడం మామూలే. రిపోర్టులో ఉండే హద్దులు చాలాచోట్ల పెద్దలందరికీ కలిపి రాసినవి, 76 ఏళ్ళవాళ్ళకి వేరే హద్దు ఉండదు. ఇప్పటికే మాత్ర వాడుతున్న డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళలో కూడా టీఎస్‌హెచ్ 4 నుంచి 6 మధ్య ఉంటే చాలునంటారు. 65 దాటి, టీఎస్‌హెచ్ కొద్దిగా మాత్రమే పెరిగినవాళ్ళకి ఈ మందు ఇచ్చి చూసిన పెద్ద పరిశోధన ఒకటి యూరప్‌లో జరిగింది, 2017లో ఫలితాలు వచ్చాయి. అలసటలో గానీ, మిగతా లక్షణాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

స్టెంట్ ఉన్నవాళ్ళకి మందు ఎక్కువైతే గుండె లయ తప్పవచ్చు, ఛాతీ నొప్పి రావచ్చు. ఆ వయసు ఆడవాళ్ళలో ఎముకలూ పలచబడతాయి. తప్పనిసరై మొదలుపెట్టాల్సి వచ్చినా 12.5తోనో 25తోనో మొదలుపెట్టి, నెమ్మదిగా వెళ్తారు. ముందు రెండు మూడు నెలలు ఆగి ఇంకోసారి పరీక్ష చేయించండి. ఒక్కసారి పెరిగిన టీఎస్‌హెచ్ చాలామందిలో తనంతట తనే దిగుతుంది. జ్వరం, న్యుమోనియా లాంటివి వచ్చి తగ్గిన కొత్తలో అయితే అసలు చేయించకండి, అప్పుడు అంకెలు అటూ ఇటూ అవుతాయి. నీరసానికి హిమోగ్లోబిన్, బీ12, షుగర్ కూడా చూపించారా?

సీతమ్మధార టీచర్

బీ12 చూపించలేదు. ఈ వారం చేయిస్తాను. మనసు తేలికపడింది.

పెందుర్తి పచ్చతోట

అందరూ మందుల గురించే రాస్తున్నారు. మా పిన్ని ధనియాల నీళ్ళు తాగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేసి మాత్ర ఆపేసింది. టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చింది. జీవితాంతం మాత్ర ఎందుకు మింగాలి?

కైలాసగిరి డాక్టర్

మాత్ర ఆపి ఎన్నాళ్ళకి పరీక్ష చేయించారో అడగండి. పదిహేను రోజులకే అయితే ఒంట్లో పాత మందు ఇంకా పావు వంతు దాకా ఉంటుంది, టీఎస్‌హెచ్ లేవడానికి ఇంకా టైమ్ పడుతుంది. రెండు నెలలాగి చేయించమనండి. ఇది ఆవిడ మేలు కోరి చెబుతున్నాను. మాత్ర వేసుకుంటూ నార్మల్ వచ్చిందంటే డోసు సరిగ్గా ఉందని, జబ్బు పోయిందని కాదు. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు లాంటి కొన్నిటిలో నిజంగానే కొన్నాళ్ళకి మందు ఆపవచ్చు. కానీ అది డాక్టర్ చూస్తూ చేయాల్సిన పని.

ధనియాల నీళ్ళు తాగితే తాగనివ్వండి, మాత్ర మాత్రం మాననివ్వకండి. వండిన క్యాబేజీ, కాలీఫ్లవర్ మామూలుగా తింటే ఏమీ కాదు. అశ్వగంధ వాడుతుంటే తప్పకుండా డాక్టర్‌కి చెప్పాలి, అది థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు.

కంచరపాలెం అమ్మ

మా అమ్మాయి మాత్ర ఆపేసి ఏడాది ఊరుకుంది. మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మెట్లెక్కలేని స్థితికి వచ్చాక విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్ళాం. మళ్ళీ మందు మొదలుపెట్టాక మనిషి మనిషైంది. పచ్చతోట గారూ, మీ పిన్నిగారికి నచ్చజెప్పండి బాబూ. నా బిడ్డ పడ్డ బాధ ఇంకొకరు పడకూడదు.

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

ఇవన్నీ చదువుతుంటే నా దినచర్య కూడా చెప్పాలనిపించింది. పొద్దున్న అయిదున్నరకి మాత్ర, పది నిమిషాల్లో కాఫీ. అది తాగితే గానీ వంటింట్లో పని సాగదు. ఎనిమిదికి చోడి (రాగి) అంబలో ఇడ్లీయో తిని కాల్షియం మాత్ర వేసుకుంటాను. గ్యాస్‌కి పాంటోప్రజోల్ ఈ ఆరు నెలల నుంచి. 50 ఇన్నాళ్ళూ సరిపోయి, ఇప్పుడు చాలకపోవడానికి ఇవేమైనా కారణమా?

కైలాసగిరి డాక్టర్

కావచ్చు. కాఫీ మందుని పేగుల్లో సరిగా ఒంటబట్టనివ్వదు. కాల్షియం, ఐరన్ దాన్ని పట్టుకుని బయటకు తీసుకుపోతాయి, మీరు ఇచ్చే ఎడం రెండున్నర గంటలే. పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఈ మాత్ర కరగడానికి ఆ ఆమ్లం కావాలి. సోయా, మీల్ మేకర్ ఎక్కువగా తినేవాళ్ళకీ ఇలాగే అవుతుంది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. మీ డాక్టర్ 75 రాసింది మీరు కాఫీతో మింగుతున్న రోజుల రిపోర్టు చూసి. ఇప్పుడు కాఫీ దూరం చేసి, కాల్షియం రాత్రికి మార్చి, పాంటోప్రజోల్ కూడా ఆపేస్తే అదే 75 ఎక్కువగా ఒంటబడుతుంది. డోసు పెంచడం, అలవాటు మార్చడం రెండూ ఒకేసారి జరిగితే దేనివల్ల ఏమైందో తెలియదు. అలవాట్లు మార్చండి, మంచిదే, కానీ ఏ తేదీన ఏది మార్చారో కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించండి. పరీక్ష కూడా ఆ తేదీ నుంచి ఆరు వారాలు లెక్కేసి చేయించమంటారు.

మాత్ర వేసుకున్నాక అరగంట కాకముందు కాఫీ వద్దు, గంట అయితే ఇంకా మంచిది. అది కుదరదంటే రాత్రి భోజనమైన మూడు గంటలకి, పడుకోబోయే ముందు వేసుకునే పద్ధతి ఉంది. అదీ బాగానే పనిచేస్తుంది. ఎనిమిదికి తిని పదకొండుకి పడుకునేవాళ్ళకి సరిపోతుంది. పదికి తిని పదిన్నరకి నిద్రపోయేవాళ్ళకి వద్దు.

మందులషాపు (మద్దిలపాలెం)

డోసు మారినవాళ్ళకి నాదొక మనవి. 50 సీసా, 75 సీసా పక్కపక్కన పెడితే చాలా బ్రాండ్లలో ఒకేలా ఉంటాయి. కొత్త సీసా తెచ్చిన రోజే పాతది వేరే చోట పెట్టేయండి. 62.5 కోసం ఒక రోజు 50, ఒక రోజు 75 రాసినవాళ్ళు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. బ్రాండు మార్చాల్సి వస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పరీక్ష చేయించుకోండి. అందుకే మీరు వాడే బ్రాండు లేదని నేను వేరేది అంటగట్టను, తెప్పించే ఇస్తాను.

మన విశాఖ గాలిలో తేమ మీకు తెలిసిందే, ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా నీరు కారుతుంది. ఈ మందుకి తేమ, వేడి, వెలుతురు మూడూ పడవు. కిటికీ గట్టు మీద, పొయ్యి పక్కన, బాత్‌రూమ్ అరలో పెట్టొద్దు. సీసాలో ఉండే చిన్న తెల్ల పొట్లం తీసి పారేయకండి, తేమ పీల్చడానికే దాన్ని వేసింది. పైన క్రేన్ గారు చెప్పిన ఏడు గళ్ళ డబ్బా మంచిదే, వారానికి మించి మాత్రం సర్దుకోకండి.

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

అప్‌డేట్ ఇస్తున్నాను. క్యాంపు పరీక్ష తర్వాత కాఫీని గంట వెనక్కి జరిపాను, కాల్షియం రాత్రికి మార్చాను. గ్యాస్ మాత్ర డాక్టర్ గారే ఆపించారు. బయోటిన్ పరీక్షకి నాలుగు రోజుల ముందే ఆపేశాను. గడువు చూసుకుని పొద్దున్న ఏడింటికి శాంపిల్ ఇచ్చి, అక్కడే మాత్ర వేసుకున్నాను. టీఎస్‌హెచ్ 4.6, ఫ్రీ టీ4 నార్మల్. ఆ ల్యాబ్ పై హద్దు 4.2 కాబట్టి మళ్ళీ ‘హై’ అనే ఉంది, ఈసారి మాత్రం నాకు కంగారు రాలేదు.

తేదీలు రాసిన కాగితం చూసి డాక్టర్ గారు డోసు మార్చలేదు. గ్యాస్ మాత్ర ఆపి నాలుగు వారాలే అయింది, దాని ప్రభావం ఇంకా పూర్తిగా కనపడలేదు, ఇంకో ఆరు వారాలాగి అదే ల్యాబ్‌లో, అదే టైముకి చేయించమన్నారు. నీరసం కొంత తగ్గింది. జుట్టు ఇంకా ఊడుతూనే ఉంది, దానికి నెలలు పడుతుందన్నారు.

మధురవాడ ఐటీ

నేను కూడా చెప్పాలి. ఆ రోజే ఫోన్ చేశాను, డాక్టర్ గారు అప్పటికప్పుడే వారానికి తొమ్మిది మాత్రలు వేసుకోమన్నారు. శుక్రవారం టీఎస్‌హెచ్ 3.8 వచ్చింది, ఇంకొంచెం పెంచారు. నాలుగు వారాల తర్వాత 2.1. బిడ్డ గుండె చప్పుడు విన్నాం. కైలాసగిరి డాక్టర్ గారికి చేతులెత్తి నమస్కారం.

ఉక్కునగరం ఏ‌బీసీ

సంతోషం అమ్మా. నాదొక చిన్న సందేహం డాక్టర్ గారూ. సింహాచలం గిరి ప్రదక్షిణకి ప్రతి ఏడూ వెళ్తాను. రాత్రంతా నడక, మధ్యలో పానకం, పులిహోర ఏదో ఒకటి తింటూనే ఉంటాం. పొద్దున్నకి పరగడుపు ఉండదు. ఆ రోజు మాత్ర మానేయనా?

కైలాసగిరి డాక్టర్

మానకండి అన్నా. ఇంటికొచ్చి నిద్రపోయి లేచాక వేసుకోండి. ఒకవేళ ఆ రోజు పూర్తిగా తప్పిపోయినా, మర్నాటి నుంచి మామూలుగా కొనసాగించండి. ఒక్క మాత్ర తప్పితే ఏమీ కాదు, దాన్ని పూడ్చడానికి ఒకేసారి రెండు వేసుకోవడం మీ డాక్టర్‌ని అడగకుండా చేయొద్దు. దారిలో నీళ్ళు బాగా తాగండి.